బాణాసంచా రాత్రి పడవల భద్రత

పెద్ద ఎత్తున బాణాసంచా కాల్చే చోటు కోసం వెతికే నిర్వాహకుల చూపు ముందుగా నీటివైపే పోతుంది. రాలిన నిప్పు నీళ్లలో పడి ఆరిపోతుంది. కింద ఇళ్లు, గడ్డివాములు, కరెంటు తీగలు ఉండవు. ఒడ్డు పొడవునా వేలమంది నిలబడి చూడవచ్చు. సిడ్నీ హార్బర్‌లో కొత్త సంవత్సరం రాత్రి, న్యూయార్క్ నదుల మీద జూలై 4న, హాంకాంగ్ విక్టోరియా హార్బర్‌లో చైనా జాతీయ దినమైన అక్టోబరు 1న జరిగే ప్రదర్శనలు ఇలా పేరుపడ్డవే. భద్రాచలంలో ముక్కోటి ముందురోజు సాయంత్రం గోదావరిలో సీతారాములకు జరిగే తెప్పోత్సవం, విజయవాడలో దసరా చివరిరోజున కృష్ణలో దుర్గామల్లేశ్వరులకు జరిగే హంసవాహన సేవ కూడా బాణాసంచా వెలుగుల్లోనే సాగుతాయి.

నేల మీద ఇళ్లకు ఉండే ముప్పు ఇలా తగ్గుతుంది గానీ, నీటి మీద పడవలు ఉంటాయి. బాణాసంచా కాల్చే పడవ ఒకటి, ఒడ్డున కట్టేసినవి కొన్ని, జనాన్ని ఎక్కించుకుని చూడటానికి వచ్చినవి మరికొన్ని. అన్నిటికీ ప్రమాదం ఒకే దారిలో రాదు. ప్రాణాలు పోయిన పెద్ద ఘటనలను చూస్తే, ఆకాశం నుంచి రాలిన నిప్పు కంటే చీకటి, రద్దీ, ఏమరుపాటే ఎక్కువ కీడు చేశాయని తెలుస్తుంది.

ముందు నిప్పు సంగతి. ఇలాంటి ప్రదర్శనల్లో పేల్చేవి దీపావళికి ఇంటి ముందు వదిలే తారాజువ్వలు కావు. దళసరి కాగితంతో గట్టిగా చుట్టిన గుండ్లు. వీటిని షెల్స్ అంటారు. షెల్‌ను నిలువుగా బిగించిన గొట్టంలోకి దించుతారు. దాని అడుగున ఉన్న నల్లమందు అంటుకుని గుండును పైకి విసురుతుంది. ఆ మంటకే లోపలి ఒత్తి కూడా రాజుకుంటుంది. గుండు ఎత్తుకు చేరే సమయానికి ఒత్తి కాలిపోయి, లోపలి మందు పేలి, రంగురంగుల గుళికలు నలువైపులా చిమ్ముతాయి. వ్యాసం ఒక అంగుళం పెరిగితే గుండు సుమారు వంద అడుగులు ఎక్కువ ఎత్తుకు పోతుందని ఈ పనివాళ్లు స్థూలంగా లెక్కేసుకుంటారు. అంటే ఆరంగుళాల గుండు దాదాపు ఆరువందల అడుగుల ఎత్తున పేలుతుంది.

అన్నీ అనుకున్నట్టు జరిగితే రంగు గుళికలు గాలిలోనే కాలిపోయి, బూడిద, అట్టముక్కలు మాత్రమే కిందికి వస్తాయి. ఒత్తి తొందరగా కాలితే గుండు తక్కువ ఎత్తులోనే పేలుతుంది. గొట్టం వాలితే పక్కకు దూసుకుపోతుంది. అసలు పేలకుండా నీళ్లలో పడేవీ ఉంటాయి. నేల మీద గొట్టాన్ని మట్టిలోనో ఇసుకలోనో పాతేస్తారు కాబట్టి కదలదు. అలల మీద ఊగే పడవలో అలా కాదు, అది ఒరిగినప్పుడల్లా గొట్టమూ ఒరుగుతుంది. గాలి ఎటు వీస్తే ఆరని రవ్వలు అటే కొట్టుకుపోతాయి. అందుకే అమెరికాలో ఎన్.ఎఫ్.పి.ఎ. 1123 అనే ప్రమాణం గొట్టం వ్యాసంలో ఒక్కో అంగుళానికి 70 అడుగుల చొప్పున జనాన్ని దూరంగా ఉంచమంటుంది. ఆ లెక్కన మూడంగుళాల గుండుకు 210 అడుగులు, ఆరంగుళాల గుండుకు 420, పన్నెండంగుళాల భారీ గుండుకు 840 అడుగులు. గాలి వీచే దిక్కున ఉన్న పడవ ఇంకా వెనక్కి జరగడమే మేలు. ఈ దూరాలను ఎవరి అంచనాకు వాళ్లకు వదిలేయకుండా అమెరికాలో కోస్ట్‌గార్డ్, సిడ్నీలో రాష్ట్ర సముద్ర రవాణా అధికారులు కాల్చే చోటు చుట్టూ నిషేధ ప్రాంతాన్ని ముందే ప్రకటిస్తారు. ప్రదర్శన అయ్యాక కూడా అధికారులు తెరిచేదాకా అందులోకి పడవ పోకూడదు. పేలని గుండ్లు ఇంకా అక్కడే ఉండవచ్చు.

అన్నిటికంటే ప్రమాదకరమైన చోటు బాణాసంచా కాల్చే పడవే. 2025 జనవరి 26 రాత్రి హైదరాబాద్ హుస్సేన్‌సాగర్‌లో అది కళ్లముందు రుజువైంది. నెక్లెస్ రోడ్డులో జరుగుతున్న భరతమాత మహా హారతి కార్యక్రమం కోసం పడవ మీంచి బాణాసంచా కాలుస్తుండగా, అక్కడే ఉన్న మిగతా సామగ్రికి నిప్పంటుకుంది. రెండు పడవలు మంటల్లో కాలిపోయాయి. మీద ఉన్నవాళ్లు నీళ్లలోకి దూకాల్సి వచ్చింది. కొందరికి కాలిన గాయాలయ్యాయి, ప్రాణనష్టమూ జరిగింది. నేల మీద అలాంటిది జరిగితే కనీసం పరుగెత్తడానికి నాలుగు దిక్కులుంటాయి. పడవలో ఉన్నవాడికి ఒక పక్క మంట, మరో పక్క నీళ్లే.

కాబట్టి ప్రయాణికులను తిప్పే లాంచీని ఈ పనికి వాడకూడదు. అడుగు వెడల్పుగా, చదునుగా ఉండి, ఇంజను లేని పంటు దీనికి తగినది. దాన్ని ఒక్క తాడుతో కాక నాలుగు మూలలా లంగరు వేసి కదలకుండా నిలపాలి. గొట్టాలను బలమైన చట్రాల్లో బిగించి, చట్రాలను పంటుకు కట్టేయాలి. గుండ్లన్నీ ముందుగానే గొట్టాల్లో నింపేసి, ఒకటి కాల్చి మరొకటి నింపే పద్ధతి మానేస్తే విప్పి పెట్టిన మందు పక్కన నిప్పు ఉండే అవకాశమే ఉండదు. పెద్ద ప్రదర్శనల్లో కరెంటు తీగల ద్వారా దూరం నుంచి మీట నొక్కి కాలుస్తారు. ఈ ఒక్క మార్పు ఎన్నో ప్రాణాలను నిప్పుకు దూరంగా ఉంచగలదు. ఎవరైనా పంటు మీద ఉండక తప్పకపోతే వాళ్లకు మంట తగలని అడ్డుగోడ, ఒంటి మీద నూలు బట్టలు, లైఫ్ జాకెట్, పక్కనే సిద్ధంగా మరో రక్షక పడవ ఉండాలి. నైలాన్, పాలిస్టర్ బట్టలు కరిగి చర్మానికి అతుక్కుంటాయి.

ఒడ్డున కట్టేసిన పడవల గురించి ఆలోచించేవారు తక్కువ. నిప్పు ఒక పడవ నుంచి మరో పడవకు ఎంత త్వరగా పాకుతుందో 2023 నవంబరు 19 రాత్రి విశాఖపట్నం ఫిషింగ్ హార్బర్ చూపింది. ఆ మంటకు బాణాసంచా కారణం కాదు. కానీ పాకిన తీరు మాత్రం తెలుసుకోవాల్సిందే. ఒక పడవ అంటుకుంటే మిగతావాటిని కాపాడాలని దాని తాళ్లు విప్పి నీళ్లలోకి వదిలారు. గాలి, నీటివాలు దాన్ని మళ్లీ జెట్టీ వైపుకే తోశాయి. పక్కపక్కనే కట్టేసి ఉన్న మరపడవల్లో డీజిలు, వంటకు తెచ్చుకున్న గ్యాస్ సిలిండర్లు ఉన్నాయి. తెల్లారేసరికి దాదాపు నలభై పడవలు దెబ్బతిన్నాయి. మత్స్యకార కుటుంబాలకు అది బతుకుదెరువే బుగ్గి కావడం.

ఫైబర్ పడవ నీళ్లలో ఉంటుంది కాబట్టి కాలదనుకోవడం పొరపాటు. దాని ఒళ్లంతా రెసిన్, అది అంటుకుంటే నల్లటి పొగతో వేగంగా కాలుతుంది. దాని పైకప్పుకు కట్టిన టార్పాలిన్, కుప్పగా వేసిన నైలాన్ వలలు, థర్మోకోల్ పెట్టెలు ఒక్క రవ్వకే రాజుకుంటాయి. ప్రదర్శన ఉన్న రోజు గాలివాలున ఉన్న పడవలను వేరే రేవుకు తరలించాలి. వీలుకాకపోతే టార్పాలిన్లు విప్పి లోపల పెట్టాలి, వలలను నీళ్లతో తడపాలి, సిలిండర్లను ఒడ్డుకు చేర్చాలి. ఒక్కో పడవకు ఒక్కో కాపలా మనిషి అక్కర్లేదు. నాలుగైదు పడవలకు కలిపి ఒకరు బకెట్టు, మంటలార్పే సిలిండరు పట్టుకుని మెలకువగా ఉంటే చాలు.

ఇక చూడటానికి వచ్చే పడవలు. ఈ విషయంలో 2012 అక్టోబరు 1న హాంకాంగ్‌లో జరిగింది ప్రతి సరంగూ తెలుసుకోవలసిన కథ. హాంకాంగ్ ఎలక్ట్రిక్ సంస్థ తన ఉద్యోగులను, వాళ్ల కుటుంబాలను విక్టోరియా హార్బర్‌లో బాణాసంచా చూపించడానికి లామా 4 అనే పడవలో బయల్దేరదీసింది. రాత్రి ఎనిమిదిన్నర కూడా కాలేదు. బాణాసంచా ఇంకా మొదలే కాలేదు. లామా దీవి దగ్గర ఎదురుగా వస్తున్న సీ స్మూత్ అనే ఫెర్రీ ఈ పడవ వెనకభాగాన్ని గుద్దింది. రెండు నిమిషాల్లోపే లామా 4 వెనకభాగం మునిగి, ముక్కు పైకి లేచి నిలబడింది. 39 మంది చనిపోయారు, వాళ్లలో పిల్లలూ ఉన్నారు.

విచారణ సంఘం తేల్చిన విషయాలు గుండె పిండేవి. సరంగులిద్దరూ సరిగా గమనించుకోలేదు. గుద్దిన దెబ్బకు రెండు గదులకు గండి పడింది. మూడో గది పొడిగా ఉండి ఉంటే పడవ అంత త్వరగా మునిగేది కాదు. కానీ ఆ గదికీ పక్క గదికీ నడుమ ఉండాల్సిన నీరు చొరని తలుపు అసలు అమర్చనే లేదు. పడవ నిటారుగా లేచినప్పుడు పైఅంతస్తు కుర్చీలు ఊడి మనుషుల మీద పడ్డాయి. పిల్లలకు సరిపోయే లైఫ్ జాకెట్లు పడవలో లేవు. ఏళ్ల తరబడి తనిఖీలు దాటివచ్చిన పడవే అది. ఆ తర్వాత బాణాసంచా చూపించడానికి వెళ్లే పడవల్లో పిల్లలు పడవ ఎక్కినప్పటి నుంచి దిగేదాకా లైఫ్ జాకెట్ తొడుక్కునే ఉండాలని, ఎక్కినవారి పేర్ల జాబితా ఉండాలని హాంకాంగ్ సముద్ర శాఖ నియమం పెట్టింది. పేర్ల జాబితా కాగితం పని అనిపిస్తుంది గానీ, పడవ మునిగిన రాత్రి ఇంకా ఎందరి కోసం వెతకాలో చెప్పేది అదే.

అదే ఏడాది జూలై 4న న్యూయార్క్ దగ్గర ఆయిస్టర్ బేలో 34 అడుగుల పడవ ఒకటి బోల్తా పడింది. అందులో 27 మంది ఉన్నారు. బాణాసంచా చూసి తిరిగి వెళ్తుండగా జరిగిన ఆ ప్రమాదంలో కింది క్యాబిన్‌లో ఉన్న ముగ్గురు పిల్లలు బయటికి రాలేక చనిపోయారు. పరిమితికి మించి ఎక్కించడం ఎప్పుడైనా ముప్పే, బాణాసంచా రాత్రి ఆ ముప్పు మరీ పెరుగుతుంది. బాగా కనిపించాలని అందరూ పైఅంతస్తుకు ఎక్కుతారు. బరువు పైకి పోయేకొద్దీ పడవ నిలకడ తగ్గుతుంది. వెలుగు ఒక పక్కన విరిస్తే అందరూ అటే లేచి నిలబడతారు. ఎంతమంది ఎక్కాలన్నదే కాదు, ఎక్కినవాళ్లు ఎక్కడ కూర్చోవాలన్నది కూడా సరంగు ముందే ఖరారు చేయాలి, లేచి నిలబడనివ్వకూడదు. భద్రాచలం, విజయవాడల్లో తెప్పోత్సవానికి ముందు హంసవాహనాన్ని నీటిలో ట్రయల్ రన్ తిప్పి చూడటం, ఎక్కేవారి సంఖ్యను కట్టడి చేయడం ఇందుకే. వరద ఎక్కువగా ఉన్న ఏడాది కృష్ణలో విహారం మాని, ఒడ్డునే పూజ జరిపించిన సందర్భాలున్నాయి. అది మంచి నిర్ణయం.

సరంగుకు అసలు పరీక్ష కంటిచూపుతోనే. చీకటికి కన్ను పూర్తిగా అలవాటు పడటానికి ఇరవై, ముప్పై నిమిషాలు పడుతుంది. ఆ అలవాటును పోగొట్టుకోవడానికి ఒక్క పెద్ద మెరుపు చాలు. పైగా బాణాసంచా పొగ నీటి మీద పొరలా కమ్ముకుంటుంది. ఎడమవైపు ఎర్ర దీపం, కుడివైపు ఆకుపచ్చ, వెనక తెలుపు అన్నది అంతర్జాతీయ నియమం, లంగరు వేసిన పడవకు చుట్టూ కనిపించే తెల్లదీపం. ఒడ్డున నగరం దీపాల మధ్య ఇవి కలిసిపోతాయి. అందుకే పడవ నడిపేవాడు ప్రదర్శనను చూడకూడదు. నడపడానికి ఒక మనిషి, చుట్టూ గమనించడానికి వేరే మనిషి ఉండాలి. వెలుతురు ఉండగానే వచ్చి, తిరిగి వెళ్లే దారి చూసిపెట్టుకుని, గాలి మళ్లితే పడవ తిరగడానికి చోటు వదిలి లంగరు వేసుకోవాలి.

ప్రదర్శన అయ్యాక వచ్చే అరగంటను చాలామంది లెక్కలోకి తీసుకోరు. అన్ని పడవలూ ఒక్కసారి కదులుతాయి. ఒకదాని అల మరోదాన్ని ఊపుతుంది. అలసిన పిల్లలు అంచున నిద్రపోతుంటారు. కాసేపు అక్కడే లంగరు మీద ఆగి, రద్దీ తగ్గాక మెల్లగా కదలడం ఒక్కటే తెలివైన పని. పెట్రోలు ఇంజను పడవల్లో ఇంకో జాగ్రత్త ఉంది. పెట్రోలు ఆవిరి గాలికన్నా బరువు కాబట్టి అడుగుభాగంలో పేరుకుంటుంది. స్టార్ట్ చేసే ముందు ఇంజను గదిలో గాలిపంకాను కనీసం నాలుగు నిమిషాలు తిప్పమని అమెరికా కోస్ట్‌గార్డ్ చెబుతుంది. పక్కపక్కనే కట్టుకున్న పడవల్లో ఇంజనుగానీ జనరేటరుగానీ నడుస్తుంటే కార్బన్ మోనాక్సైడ్ క్యాబిన్లలోకి చేరుతుంది. దానికి రంగూ లేదు, వాసనా లేదు. తలనొప్పి, మగత మొదలైతే అది పొగ వల్లేనని అనుమానించాలి.

ఆపదలో ఉన్న పడవ ఆకాశంలోకి ఎర్ర రాకెట్టు వదలడం సముద్ర నియమాల్లో గుర్తింపు ఉన్న సంకేతం. బాణాసంచా రాత్రి మాత్రం దాన్ని ఎవరూ గుర్తించరు. అలాంటి రాత్రి రేడియోలో 16వ ఛానెల్, భారత తీరంలో కోస్ట్‌గార్డ్ నంబరు 1554 మీదే ఆధారపడాలి. దీనికి మరో వైపు కూడా ఉంది. గడువు తీరిన ఆపద రాకెట్లను సరదాకు కాల్చేస్తే రక్షక పడవలు లేని ఆపద కోసం వెతుకుతూ పోతాయి.

తెల్లారాక నీళ్ల మీద, ఒడ్డు పక్కన తడిసిన అట్ట గుండ్లు తేలుతూ కనిపించవచ్చు. తడిసినంత మాత్రాన మందు చచ్చిపోదు, ఆరితే మళ్లీ పేలగలదు. వల లాగేటప్పుడు అలాంటిది చిక్కితే చేత్తో తీయకుండా, దూరం జరిగి, తేలుతున్న చోటు గుర్తు పెట్టుకుని పోలీసులకుగానీ నిర్వాహకులకుగానీ చెప్పాలి. నిర్వాహకులు కూడా వెళ్లిపోయే ముందు పంటు మీదే కాదు, గాలివాలున ఉన్న నీళ్లలోనూ గాలించి తీయాలి. అది పూర్తయ్యాకే చేపల వేటకు, ఫెర్రీలకు దారి తెరవాలి.