పాత కారు విలువ నిర్ధారణ

పాత కారు విలువ నిర్ధారణ అంటే ఒకరు కొంతకాలం వాడిన కారు అమ్మకం నాటికి ఎంత ధర పలుకుతుందో అంచనా వేయడం. కారును మరొకరికి అమ్మేటప్పుడు, షోరూములో ఇచ్చి దాని బదులు కొత్తది తీసుకొనేటప్పుడు (దీనిని ఎక్స్‌ఛేంజి అంటారు), బీమా చేయించేటప్పుడు, పాత కారుపై బ్యాంకు అప్పు ఇచ్చేటప్పుడు ఈ అంచనా అవసరమవుతుంది. చాలా మధ్యతరగతి కుటుంబాలలో ఇల్లు, బంగారం తరువాత ఎక్కువ సొమ్ము పెట్టి కొనేది కారే. ఆ రెండింటి ధర సాధారణంగా పెరుగుతూ పోతే, కారు ధర మాత్రం షోరూము గేటు దాటిన నాటి నుండి తగ్గుతూనే ఉంటుంది. ఎంత తగ్గిందన్న విషయంలోనే అమ్మేవారికి, కొనేవారికి మధ్య పేచీ వస్తుంది. ఈ వ్యాసం ప్రధానంగా భారతదేశంలోని పద్ధతులను వివరిస్తుంది.

ఒకే కారుకు మూడు ధరలు

పాత కారుకు ఒకే ధర ఉంటుందనుకోవడం పొరపాటు. ఒకే కారుకు ఒకే రోజున కనీసం మూడు ధరలు ఉంటాయి. మొదటిది, యజమాని నేరుగా మరొక వ్యక్తికి అమ్మితే వచ్చే ధర. రెండవది, పాత కార్ల వ్యాపారి యజమానికి ఇచ్చే ధర. మూడవది, అదే వ్యాపారి కారును కడిగించి, టింకరింగు, పాలిష్ చేయించి, కొన్ని నెలల వారంటీతో మరొకరికి అమ్మే ధర. వీటిలో రెండవది అన్నింటికన్నా తక్కువ, మూడవది అన్నింటికన్నా ఎక్కువ. నేరుగా అమ్మితే వచ్చే ధర సాధారణంగా ఈ రెంటికీ మధ్యలో ఉంటుంది.

వ్యాపారి కొనే ధరకు, అమ్మే ధరకు మధ్య తేడా అంతా లాభం కాదు. మరమ్మతులు, స్థలం అద్దె, కారు అమ్ముడుపోకుండా నిలిచిపోయిన రోజులకు వడ్డీ, వారంటీ కింద రాబోయే ఖర్చు అందులోనే ఉంటాయి. జి.ఎస్.టి. కూడా ఆ తేడాపైనే పడుతుంది. 2025 జనవరి నుండి అన్ని రకాల పాత కార్లకు ఈ పన్ను 18 శాతం. అంతకు ముందు చిన్న కార్లకు 12 శాతం ఉండేది. ఉదాహరణకు వ్యాపారి 4 లక్షలకు కొన్న కారును 4 లక్షల 60 వేలకు అమ్మితే, పన్ను ఆ 60 వేల పైననే, అంటే 10,800 రూపాయలు. సొంతానికి వాడుకొన్న కారును ఒక వ్యక్తి మరొక వ్యక్తికి అమ్మినప్పుడు ఈ పన్ను ఉండదు.

ప్రకటనలలో కనిపించేది అమ్మేవారు అడిగే ధర మాత్రమే. బేరం తెగిన ధర ఎక్కడా ప్రకటించరు. కనుక పది ప్రకటనలు చూసి సగటు కట్టినవారికి వచ్చేది ఆశల సగటే కాని ధరల సగటు కాదు.

తరుగుదల

విలువ కట్టడానికి ఆధారం, కారును యజమాని కొన్న ధర కాదు. అదే మోడలు కొత్త కారు ఈ రోజు షోరూములో ఎంత ఉన్నదన్నది ఆధారం. బేరాలు చెడిపోవడానికి ఈ తేడా తెలియకపోవడం ఒక ముఖ్య కారణం. "ఆన్ రోడ్" ధరలో కలిసి ఉండే రిజిస్ట్రేషను రుసుము, లైఫ్ టాక్సు, బీమా ప్రీమియం, తరువాత పెట్టించిన సీటు కవర్లు, మ్యూజిక్ సిస్టం వంటివాటిని కొనేవారు లెక్కించరు, లేదా నామమాత్రంగా లెక్కిస్తారు.

తరుగుదలకు అందరూ ఎరిగిన కొలత బీమా పాలసీలలో ఉండే పట్టిక. దీని ప్రకారం వచ్చే విలువను ఐ.డి.వి. అంటారు. ఆ మోడలుకు తయారీదారు ప్రస్తుతం ప్రకటించిన అమ్మకపు ధరనుండి, కారు వయసు 6 నెలలు మించకపోతే 5 శాతం, ఏడాది లోపైతే 15 శాతం, రెండేళ్ళ లోపైతే 20 శాతం, మూడేళ్ళ లోపైతే 30 శాతం, నాలుగేళ్ళ లోపైతే 40 శాతం, అయిదేళ్ళ లోపైతే 50 శాతం తగ్గిస్తారు. అయిదేళ్ళు దాటిన కారుకు బీమా సంస్థ, యజమాని కలిసి ఒక విలువకు ఒప్పుకోవాలి. ఈ లెక్కన నేడు 8 లక్షలున్న మోడలుకు చెందిన మూడున్నరేళ్ళ కారు విలువ 4 లక్షల 80 వేలు.

అయితే ఈ పట్టిక కారును చూడదు, వయసునే చూస్తుంది. బజారు కారును కూడా చూస్తుంది. ఊరూరా మెకానిక్కులకు అలవాటైన, విడిభాగాలు సులభంగా దొరికే మోడళ్ళు పట్టిక కంటే ఎక్కువ ధరకు పోతాయి. ఖరీదైన పెద్ద కార్లు అంతకన్నా వేగంగా పడిపోతాయి. తయారీదారు దేశం విడిచి వెళ్ళినా ధర పడుతుంది. షెవర్లే కార్ల అమ్మకాలు భారతదేశంలో 2017 చివరలో ఆగిపోయాయి. ఫోర్డ్ సంస్థ ఇక్కడ కార్ల తయారీని విరమిస్తున్నట్లు 2021లో ప్రకటించింది. సర్వీసు, విడిభాగాలు కొనసాగుతాయని చెప్పినా, కొనేవారి అనుమానం ధరలో కనిపిస్తుంది.

వయసు లెక్కించేటప్పుడు రిజిస్ట్రేషను తేదీని కాక తయారైన నెల, సంవత్సరాన్ని చూడాలి. ఇది ఆర్.సి.లో (వాడుకలో సి-బుక్కు) ఉంటుంది. డిసెంబరులో తయారై జనవరిలో రిజిస్టరైన కారును అమ్మేవారు కొత్త సంవత్సరపు బండి అంటారు, కొనేవారు పాత సంవత్సరపు బండి అంటారు. చెల్లేది రెండవ వాదనే.

కొత్త కార్ల ధరల ప్రభావం

యజమాని ఏ తప్పూ చేయకుండానే కారు విలువ ఒక్కరోజులో పడిపోవచ్చును. 2025 సెప్టెంబరు 22న చిన్న కార్లపై జి.ఎస్.టి. 18 శాతానికి తగ్గింది. అంతకు ముందు చిన్న పెట్రోలు కార్లపై సెస్సుతో కలిపి 29 శాతం ఉండేది. తగ్గింపునంతా కొనేవారికి బదిలీ చేస్తే, 8 లక్షల కారు ధర సుమారు 68 వేల రూపాయలు తగ్గుతుంది. అంటే ముందు రోజు 5 లక్షలు వస్తాయనుకొన్న పాత కారుకు, అదే నిష్పత్తిలో చూస్తే, 40 వేలకు పైగా కోత పడినట్లే. కొత్త కారు కొని నెల తిరగనివారికి ఈ నష్టం ఇంకా ఎక్కువగా తగిలింది.

దీనికి వ్యతిరేకంగా కూడా జరుగుతుంది. కోవిడ్ అనంతరం సెమీకండక్టర్ చిప్పుల కొరత వలన కొత్త కార్ల ఉత్పత్తి దెబ్బతిన్నప్పుడు, అమెరికాలో పాత కార్ల ధరలు 2022 జనవరితో ముగిసిన 12 నెలలలో 40.5 శాతం పెరిగాయి. తరుగుదల పట్టికలు అప్పుడు ఎందుకూ పనికిరాలేదు.

అమ్మేవారికి తెలిసినది, కొనేవారికి తెలియనిది

కారు లోపాలు అమ్మేవారికి తెలిసినంతగా కొనేవారికి తెలియవు. అమెరికన్ ఆర్థికవేత్త జార్జ్ అకెర్లాఫ్ 1970లో ప్రచురించిన పరిశోధనా పత్రంలో ఈ ఒక్క విషయం నుండి పాత కార్ల బజారునంతా వివరించాడు. లోపలి లోపాలు బయటపడని కారును అమెరికా వాడుకలో "లెమన్" (నిమ్మకాయ) అంటారు. మంచి కారేదో, చెడ్డ కారేదో తెలియని కొనుగోలుదారు అన్నింటికీ సగటు ధరే ఇవ్వజూపుతాడు. ఆ ధర మంచి కారు యజమానికి గిట్టదు కనుక అతడు అమ్మకం మానుకొంటాడు. దానితో బజారులో చెడ్డ కార్ల పాలు పెరిగి, సగటు ధర మరింత పడిపోతుంది. ఈ పత్రాన్ని మొదట మూడు పత్రికలు తిరస్కరించాయి. అకెర్లాఫ్‌కు 2001లో మైకేల్ స్పెన్స్, జోసెఫ్ స్టిగ్లిట్జ్‌లతో కలిపి అర్థశాస్త్రంలో నోబెల్ బహుమతి లభించింది.

సర్వీసు పుస్తకం, వారంటీ, మెకానిక్కు తనిఖీ వంటివన్నీ ఈ అజ్ఞానాన్ని తగ్గించే ఉపాయాలే. ధరల పుస్తకాలు కూడా అలా పుట్టినవే. లాస్ ఏంజెలెస్‌లో పాత కార్ల వ్యాపారి అయిన లెస్ కెల్లీ తాను ఏ కారుకు ఎంత ఇస్తాడో తెలిపే జాబితాను 1926లో "బ్లూ బుక్" పేరిట ప్రచురించాడు. అమెరికాలో నేటికీ పాత కారు బేరం ఆ పేరు ఎత్తకుండా సాగడం అరుదు. భారతదేశంలో తయారీదారులే ఈ వ్యాపారంలోకి దిగారు. మారుతి సంస్థ 2001లో "ట్రూ వాల్యూ" పేరుతో తనిఖీ చేసిన పాత కార్ల అమ్మకం మొదలుపెట్టింది.

కారు స్థితిని పరిశీలించడం

మీటరులోని కిలోమీటర్లను చూసి మాత్రమే ధర కట్టడం ప్రమాదకరం. సొంత కారు ఏడాదికి 10 నుండి 12 వేల కిలోమీటర్లు తిరుగుతుందని సాధారణంగా లెక్కిస్తారు. ఆరేళ్ళ కారు మీటరులో 25 వేలే ఉంటే, అది అదృష్టమైనా కావచ్చు, మీటరును వెనక్కి తిప్పినదైనా కావచ్చు. బ్రేకు పెడలు రబ్బరు అరుగుదల, స్టీరింగుపై నునుపు, డ్రైవరు సీటు కుంగుదల అబద్ధం చెప్పలేవు. సర్వీసు బిల్లులపై తేదీతో పాటు కిలోమీటర్లు కూడా వేస్తారు కనుక అవి మరింత గట్టి సాక్ష్యం. టైర్లపై నాలుగంకెల సంఖ్య వాటి తయారీ వారాన్ని, సంవత్సరాన్ని తెలుపుతుంది. 2319 అంటే 2019లో 23వ వారం. తక్కువ తిరిగిందని చెప్పే కారుకు నాలుగు టైర్లూ ఇటీవలివైతే కారణం అడగవలసిందే.

ప్రమాదానికి గురైన కారును పగటి వెలుతురులో చూడాలి. తలుపులకు, బానెట్‌కు మధ్య సందులు అంతటా సమానంగా లేకపోవడం, ఒక భాగం రంగు పక్క భాగంతో కలవకపోవడం, బానెట్ బోల్టులపై పానా గుర్తులు ఉండడం ముఖ్యమైన ఆనవాళ్ళు. బంపరు, తలుపు మార్చినందువలన ధర కొద్దిగానే తగ్గుతుంది. ఛాసిస్ వంగి సరిచేసినదైతే ఆ కారుకు ఏ ధరా తక్కువ కాదనే మెకానిక్కులు ఎక్కువ. చల్లారిన ఇంజినును స్టార్టు చేయించి చూడడం కూడా ముఖ్యం. నీలిరంగు పొగ వస్తే ఇంజిను ఆయిలు తింటున్నదని అర్థం. బోరుకు వచ్చిన ఇంజిను బాగుచేయించే ఖర్చు చిన్న కార్లలో ధరలో పెద్ద భాగాన్నే మింగివేస్తుంది.

వరదలో మునిగిన కార్లు ప్రత్యేకమైన సమస్య. 2015 డిసెంబరులో చెన్నైలోను, 2020 అక్టోబరులో హైదరాబాదులోను, 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలోను వేలాది వాహనాలు నీట మునిగాయి. బాగుచేయడం గిట్టుబాటు కాని ఇటువంటి కార్లను బీమా సంస్థలు వేలం వేయిస్తాయి. వాటిలో కొన్ని శుభ్రపడి వేరే ఊళ్ళలో అమ్మకానికి వస్తాయి. సీటు బెల్టును చివరి వరకు లాగి చూస్తే బురద చార కనిపించవచ్చును. స్టెప్నీ కింది గుంతలో ఒండ్రు, సీటు కింది పట్టాల తుప్పు, కార్పెట్ కింద ముక్క వాసన ఇతర గుర్తులు. ఇటువంటి కారులో విద్యుత్ తీగలు, కంట్రోలు యూనిట్లు నెలల తరువాత కూడా పాడవుతాయి. ఎయిర్‌బ్యాగు తెరుచుకోకపోవడం వంటివి ప్రాణం మీదికి తెస్తాయి కనుక, ఇక్కడ తక్కువ ధరను లాభంగా ఎంచకూడదు.

విద్యుత్ కార్లలో ఇంజినుకు బదులు బ్యాటరీయే విలువను నిర్ణయిస్తుంది. బ్యాటరీ సామర్థ్యం ఎంత మిగిలి ఉన్నదో సర్వీసు కేంద్రంలో పరీక్ష చేయించి, దానిపై వారంటీ ఎంతకాలం ఉన్నదో, రెండవ యజమానికి వర్తిస్తుందో లేదో చూడాలి.

కాగితాలు

కాగితాలు సరిగా లేని మంచి కారు కంటే కాగితాలు సరిగా ఉన్న మామూలు కారుకే ఎక్కువ ధర పలుకుతుంది. ఆర్.సి.లోని ఛాసిస్ నంబరు కారుపై చెక్కిన 17 అక్షరాల, అంకెల సంఖ్యతో సరిపోవాలి. అప్పుపై కొన్నదైతే బ్యాంకు ఎన్.ఓ.సి., ఫారం 35 ఉండాలి. యజమానుల సంఖ్య పెరిగిన కొద్దీ ధర తగ్గుతుంది. టాక్సీగా తిరిగి సొంత వాహనంగా మార్చిన కారుకు మరింత తగ్గుతుంది. చెల్లించని ట్రాఫిక్ చలానాలను కూడా ముందే చూసుకోవాలి.

వేరే రాష్ట్రపు కారు చౌకగా కనిపిస్తుంది. ఢిల్లీ పరిసర ప్రాంతంలో 10 ఏళ్ళు దాటిన డీజిలు, 15 ఏళ్ళు దాటిన పెట్రోలు వాహనాలపై ఉన్న నిషేధాన్ని సుప్రీం కోర్టు 2018 అక్టోబరులో సమర్థించిన తరువాత, అక్కడి డీజిలు కార్లు ఇతర రాష్ట్రాలకు తరలివచ్చాయి. 2025లో ఈ నిషేధం అమలు కొంత సడలింది. ఇటువంటి కారును ఇక్కడ శాశ్వతంగా వాడాలంటే పాత రాష్ట్రం నుండి ఎన్.ఓ.సి. తెచ్చి, కారు వయసును బట్టి ఇక్కడ లైఫ్ టాక్సు కట్టి, కొత్త నంబరు తీసుకోవాలి. 2014 జూన్ 2న రాష్ట్ర విభజన జరిగింది కనుక, ఆ తరువాత హైదరాబాదులో రిజిస్టరైన కారు విజయవాడ వాసికి వేరే రాష్ట్రపు కారే. ఈ ఖర్చును ధరలో తగ్గించి అడగాలి.

రిజిస్ట్రేషను 15 ఏళ్ళకు చెల్లుతుంది. ఆపైన పరీక్ష చేయించి అయిదేళ్ళకొకసారి పొడిగించుకోవాలి. ఈ రుసుము 2022 ఏప్రిల్‌లో 600 రూపాయల నుండి 5,000 రూపాయలకు పెరగడంతో 13, 14 ఏళ్ళ కార్లకు గిరాకీ ఇంకా తగ్గింది. బీమాలో క్లెయిములు లేనందుకు వచ్చే బోనసు (గరిష్ఠంగా 50 శాతం) యజమానిది, కారుది కాదు. కొనేవారికి అది బదిలీ కాదు కనుక దానిని చూపి ధర పెంచడం సరికాదు.

డబ్బు చేతికి వచ్చినంత మాత్రాన అమ్మినవారి బాధ్యత తీరదు. ఫారం 29, 30లతో యాజమాన్యం మారేవరకు చట్టం దృష్టిలో రిజిస్టరైన వ్యక్తే యజమాని. చేతులు మారినా పేరు మారని ఒక కారు ప్రమాదం కేసులో, పరిహారం బాధ్యత రిజిస్టరైన యజమానిదేనని సుప్రీం కోర్టు 2018 ఫిబ్రవరిలో తీర్పు చెప్పింది. సంతకం పెట్టిన ఖాళీ ఫారాలు ఇచ్చి రావడం చాలామంది చేసే పనే కాని, కొన్ని వేల రూపాయల బేరం కన్నా ఇందులో పోయేది ఎక్కువ. 2023 ఏప్రిల్ 1 నుండి అమలులోకి వచ్చిన నియమాల ప్రకారం, అధీకృత వ్యాపారికి కారు అప్పగించినట్లు ఆన్‌లైనులో తెలియజేస్తే అతనినే యజమానిగా పరిగణిస్తారు.

ఎక్స్‌ఛేంజి లెక్క

ఎక్స్‌ఛేంజిలో రెండు బేరాలు ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. ఒక షోరూము పాత కారుకు 4 లక్షల 60 వేలు ఇస్తానని, కొత్త కారుపై తగ్గింపు లేదని చెప్పవచ్చును. మరొకటి పాత కారుకు 4 లక్షల 20 వేలే ఇచ్చి, కొత్త కారుపై 60 వేలు తగ్గించవచ్చును. మొదటిది వినడానికి బాగుంటుంది, రెండవది 20 వేలు లాభం. తయారీదారు ఇచ్చే "ఎక్స్‌ఛేంజి బోనసు"ను పాత కారు ధరలో కలిపి చెప్పడం కూడా మామూలే. కనుక పాత కారు మాట ఎత్తకుండా ముందు కొత్త కారు ధర తేల్చుకొని, తరువాత పాత కారును చూపించి, చివరకు చేతినుండి ఎంత కట్టాలన్న ఒక్క అంకెతో షోరూములను పోల్చి చూడాలి. ఆ అంకెను ఇద్దరు ముగ్గురు వ్యాపారులు ఇవ్వజూపిన ధరతో సరిచూసుకోవడానికి సాధారణంగా ఒక పూట చాలు.