మా పెళ్లి ‘ప్రధానంగా’ దేనికోసం?

మెయిల్ వచ్చింది నాకు కాదు, మా ఆయనకు. కాల్గరీలో అప్పుడు రాత్రి ఏడున్నర. నాకిక్కడ పొద్దున ఎనిమిది. ఇస్నాపూర్ చౌరస్తాలో ఆఫీస్ క్యాబ్ కోసం నిలబడి ఉన్నాను. రోజూ మేం మాట్లాడుకునే టైమే అది. ఎప్పుడూ వీడియో కాల్ చేసే మనిషి ఆ రోజు మామూలు కాల్ చేశాడు.

“రిఫ్యూజ్ అయింది” అన్నాడు.

పాశమైలారం వైపు తిరిగే కంపెనీ బస్సులు ఒకటే హారన్లు. “ఏంటీ?” అని రెండుసార్లు అడిగాను. వినపడక కాదు.

అది 2025 ఫిబ్రవరి. అప్పటికి మా పెళ్లయి ఇరవై నెలలు. తను కెనడాలో పర్మనెంట్ రెసిడెంట్. 2023 అక్టోబర్‌లో నా కోసం స్పౌజ్ స్పాన్సర్‌షిప్‌కి అప్లై చేశాడు. ఏడాది దాటాక ఇంటర్వ్యూకి పిలిచారు. వెళ్లాను, అడిగినవన్నీ చెప్పాను. ఇక పాస్‌పోర్ట్ పంపమంటారని చూస్తుంటే ఈ లెటర్. అందులో చివరి పేరా ఏమంటుందంటే, అప్పీల్ చేసుకోవాలంటే 30 రోజుల్లో చేసుకోండి అని. అంటే ఏడవడానికి కూడా టైమ్ లెక్కపెట్టుకోవాలి.

ఆ 30 రోజుల్లో మా ఇంట్లో జరిగింది ఒకటే చర్చ. అప్పీలా, మళ్ళీ అప్లై చేయడమా? మీలో ఎవరికైనా ఇలాంటి లెటర్ వచ్చి ఉంటే, లేదా మీ అక్కకో ఫ్రెండ్‌కో వచ్చి ఉంటే, మేం ఎలా తేల్చుకున్నామో పనికొస్తుందని రాస్తున్నాను.

‘అండ్’ పోయి ‘ఆర్’ వచ్చింది

నేను సాఫ్ట్‌వేర్‌లో ఉన్నాను. ప్రోగ్రామ్ ఆగిపోతే ముందు ఎర్రర్ మెసేజ్ పూర్తిగా చదవాలని జూనియర్లకు రోజూ చెప్తుంటాను. నా లెటర్ మాత్రం నాలుగు రోజుల దాకా పూర్తిగా చదవలేదు. ‘పెళ్లి’ అన్న మాట దగ్గరికి రాగానే కళ్లు జారిపోయేవి.

చదివాక తెలిసింది, అసలు సంగతి ఒక్క పేరానే. కెనడా ఇమిగ్రేషన్ నిబంధనల్లో 4(1) అని ఒకటుంది. పెళ్లి ప్రధానంగా ఇమిగ్రేషన్ హోదా కోసం చేసుకున్నదైనా, నిజమైనది కాకపోయినా, ఆ మనిషిని భార్యగానో భర్తగానో లెక్కలోకి తీసుకోరు. 2010 సెప్టెంబర్ 30 ముందు ఈ రెండూ కలిసి ఉంటేనే కాదనేవాళ్లు. ఆ తర్వాత ఏ ఒక్కటున్నా చాలు. కోడ్ రాసేవాళ్లకు ఇట్టే అర్థమవుతుంది, ‘అండ్’ తీసి ‘ఆర్’ పెట్టారు. ఒక్క మాట మారితే ఎన్ని ఇళ్లలో అన్నం సయించదో!

ఇంకో తేడా ఉంది, అది ఇంకా ముఖ్యం. పెళ్లి నిజమైనదా అన్నది ఇప్పటి సంగతి. ప్రధానంగా దేనికోసం చేసుకున్నారన్నది పెళ్లినాటి సంగతి. మొదటిదానికి ఈ ఏడాది ఫోటోలు, విమానం టికెట్లు, డబ్బు పంపిన రసీదులు ఆధారాలవుతాయి. రెండోదానికి ఆ రోజు మా మనసుల్లో ఏముందో చూపించాలి. దానికి బ్యాకప్ ఉండదు. తర్వాత ఎలా బతికారో చూసి అప్పటి మనసును అర్థం చేసుకోండి అని అడగొచ్చు, అంతే.

మాకు తగిలింది ఆ రెండోదే.

ఎందుకలా అనుకున్నారో వెతికితే మా ఫైలే సమాధానం చెప్పింది. 2021లో నేను కెనడాలో ఎంఎస్‌కి స్టడీ పర్మిట్ అప్లై చేశాను, రిఫ్యూజ్ అయింది. రెండేళ్లకు కెనడా పీఆర్ ఉన్న అబ్బాయిని పెళ్లి చేసుకున్నాను. బయటివాళ్లు చదివితే కథ వాళ్లంతట వాళ్లే అల్లుకుంటారు. ఫారాలు నింపిన కన్సల్టెన్సీ అతను ఈ పాత రిఫ్యూజల్ రాయక్కర్లేదు మేడమ్ అన్నాడు. ఆ ఒక్క మాట మాత్రం నేను వినలేదు. దాచినట్టు బయటపడితే తప్పుడు సమాచారం కింద 5 ఏళ్లు ఏ కెనడా వీసాకూ దారి ఉండదు.

మిగతా విషయాల్లో అతని మాటే విన్నాను, అదే మా తప్పు. నిశ్చితార్థం జరిగిందా అన్నచోట ‘లేదు’ అని నింపాడు. ఇంటర్వ్యూలో నేను ‘జరిగింది’ అన్నాను. మాకు హాల్ బుక్ చేసి చేసుకున్న ఎంగేజ్‌మెంట్ లేదు. ఇంట్లోనే పూలు పండ్లు పెట్టుకున్నాం. మా అమ్మ దృష్టిలో అదే నిశ్చితార్థం, అతని దృష్టిలో కాదు. వాళ్లిద్దరి మధ్య నేను ఇరుక్కున్నాను.

ఇంకోటి వింటే మీకు నవ్వొస్తుంది. పెళ్లయ్యాక ఎన్ని రోజులు కలిసి ఉన్నారని అడిగారు. నేను 10 రోజులన్నాను. తను ఫారంలో మూడు వారాలని రాశాడు. ఇద్దరం నిజమే చెప్పాం. మా పెళ్లి 2023 జూన్ 8న. 19న ఆషాఢం మొదలు, కొత్త కోడలు అత్తగారింట్లో ఉండకూడదని నాన్న వచ్చి నన్ను తీసుకొచ్చేశాడు. తను 29న ఫ్లైట్ ఎక్కాడు. నేను ఒకే ఇంట్లో ఉన్న రోజులు లెక్కపెట్టాను, తను ఇండియాలో ఉన్న రోజులు లెక్కపెట్టాడు. ఆషాఢం గురించి ఒక్క వాక్యం రాసి ఉంటే సరిపోయేది. ఎవరూ రాయలేదు, మనకు అది చెప్పాల్సిన విషయమని తట్టదు కదా.

ఫోటోలూ అంతే. ఆల్బమ్‌లో వందలున్నా ఫైల్‌లో పెట్టినవి పదిహేను. అన్నీ ఫోటోగ్రాఫర్ నిలబెట్టి తీసిన జంట ఫోటోలే. జీలకర్ర బెల్లం అప్పుడు వెనకాల నిలబడ్డ మేనమామలు, అప్పగింతల్లో ఏడుస్తున్న నాన్న, ఒక్కటీ లేదు.

కెనడా సంబంధం

ఇక్కడ ఒక మాట ఒప్పుకోవాలి. ఆ లెటర్ చూసి నాకు కోపం కంటే ముందు సిగ్గేసింది. ఎందుకంటే మా ఇంట్లో ఆ సంబంధానికి పేరే ‘కెనడా సంబంధం’. అబ్బాయి పేరు కన్నా ముందు మాకు తెలిసింది దేశం పేరు. బయోడేటాలో పీఆర్ అని ఉంది కాబట్టే మా పిన్ని దాన్ని అమ్మకు ఫార్వర్డ్ చేసింది. జహీరాబాద్‌లో కిరాణా షాపు ఉన్న అబ్బాయి అయితే చేసేదా? చేయదు. నేను చూసేదాన్నా? ఏమో.

మరి నేను ప్రధానంగా కెనడా కోసమే చేసుకున్నానా? ఆ ప్రశ్న రాత్రి పడుకోనివ్వలేదు. ఫిబ్రవరి నుంచి మే దాకా మూడు నెలలు వీడియో కాల్స్ మాట్లాడుకున్నాం. మధ్యలో ఒకసారి తన ఉద్యోగం పోయింది. ఇండియాకి వచ్చేయాల్సి వస్తే ఏమంటావ్ అని అడిగాడు. “రా, పటాన్‌చెరులో కిరాయిలు తక్కువే” అన్నాను. జోక్‌గా అన్నా, నిజంగానే అన్నాను. అది ఏ ఫారంలోనూ లేదు. ఆ చాట్లు ఫోన్ మార్చినప్పుడు పోయాయి. సాఫ్ట్‌వేర్ ఇంజినీర్‌నయ్యుండి బ్యాకప్ పెట్టుకోలేదని తను ఇప్పటికీ ఏడిపిస్తాడు. తన ఫోన్‌లో కొన్ని దొరికాయి, ఆ మెసేజ్ కూడా. తేదీతో సహా.

రూల్‌లో ‘ప్రధానంగా’ అన్న మాట ఉండటం ఎంత మంచిదో అప్పుడు అర్థమైంది. కెనడా కూడా ఒక కారణం అయితే తప్పు లేదు. అదే అసలు కారణం అయితేనే తప్పు.

మా ఆయన మళ్ళీ అప్లై చేద్దామన్నాడు. తన లెక్క తనది. కొత్త అప్లికేషన్‌కి ప్రభుత్వం పెట్టుకున్న గడువు 12 నెలలు. అప్పీల్ ఎన్నాళ్లో ఎవరూ చెప్పరు. ఫీజులు కూడా మరీ అడ్డం కాదు. మేం కట్టినప్పుడు మొత్తం 1,080 డాలర్లు, 2024 ఏప్రిల్ 30 నుంచి 1,205 అయింది. అందులో 575 రిఫ్యూజ్ అయితే తిరిగిస్తారు, 630 పోతుంది. అప్పీల్‌కి ట్రిబ్యునల్ ఫీజు లేదు గానీ లాయర్ ఫీజు ఉంటుంది. “ఇంకో ఏడాది ఓపిక పడదాం, ఈసారి పేపర్లు మనమే సరిగ్గా పెడదాం” అన్నాడు. రెండూ ఒకేసారి నడుపుదామంటే కుదరదు. మొదటి దానిపై తుది నిర్ణయం రాకుండా అదే మనిషి కోసం ఇంకో స్పాన్సర్‌షిప్ తీసుకోరు.

ఆఫీసులో ఒకమ్మాయి, “మాకు హెచ్4 అప్పుడు అప్పీల్ అన్న మాటే లేదు, మళ్ళీ స్లాట్ బుక్ చేసుకోవడమే” అంది. అమెరికా కాన్సులేట్ నిర్ణయాన్ని కోర్టులో తిరగదోడే దారి దాదాపు మూసేసినట్టే. 2024 జూన్ 21న అక్కడి సుప్రీంకోర్టు మున్యోస్ కేసులో, భర్తకు వీసా ఇవ్వలేదని అమెరికన్ పౌరురాలైన భార్య కూడా ప్రశ్నించలేదని తేల్చింది. బ్రిటన్‌లో దారి ఉంది, బయటి దేశం నుంచి అయితే 28 రోజుల్లో అప్పీల్ చేయాలి. కానీ అక్కడ గొడవ చాలాసార్లు ఆదాయం దగ్గరే. 2024 ఏప్రిల్ 11న స్పాన్సర్ ఆదాయం హద్దును 18,600 పౌండ్ల నుంచి 29,000కి పెంచారు. జీతం సరిపోయి, ఒక పేస్లిప్పో బ్యాంక్ స్టేట్‌మెంటో తక్కువైతే అప్పీల్‌కి పోవడం దండగ. కాగితం తెచ్చుకుని మళ్ళీ అప్లై చేయడమే నయం. మా గొడవ కాగితం తక్కువైనందుకు కాదు, నమ్మనందుకు.

ఆ తేడా నాకు అర్థమయ్యేలా చెప్పింది నాన్న. పాశమైలారంలో ఒక బల్క్ డ్రగ్ కంపెనీలో 22 ఏళ్లుగా చేస్తున్నాడు. నైట్ షిఫ్ట్ నుంచి వచ్చి, చాయ్ తాగుతూ మా కాల్ విన్నాడు.

“బిడ్డా, మా దగ్గర శాంపిల్ టెస్ట్‌ల ఫెయిలైతే ఓఓఎస్ అంటం. అంటే ఉండాల్సిన హద్దుల లేదని. అప్పుడు ఇంకో శాంపిల్ తీసి, పాసయ్యేదాంక టెస్ట్ చేస్తం అంటే ఇన్‌స్పెక్టర్ ఊకుంటడా? ముందుగాల ఎందుకు ఫెయిలైందో కాగితం మీద తేల్చాలె. తేల్చకుంటే పాతది ఫైల్‌ల అట్లనే ఉంటది. రేపొచ్చినోడు గదే చదువుతడు.”

అదే నన్ను పట్టుకుంది. మళ్ళీ అప్లై చేస్తే కొత్త అధికారి ముందు తెరిచేది పాత నోట్సే. 2021 రిఫ్యూజల్ మారదు, పెళ్లి తేదీ మారదు. మారేది ఫోటోలే. ‘ఈ పెళ్లి ఇమిగ్రేషన్ కోసం’ అన్న వాక్యం మాత్రం కదలకుండా ఉంటుంది. అప్పీల్‌లో అలా కాదు. ఇమిగ్రేషన్ అప్పీల్ డివిజన్ ఫైల్‌ను మొదట్నుంచి చూస్తుంది, కొత్త ఆధారాలు తీసుకుంటుంది, సాక్షుల్ని వింటుంది. నేను ఇక్కణ్నుంచే ఆన్‌లైన్‌లో మాట్లాడొచ్చు. నాన్న తెలుగులోనే చెప్పొచ్చు, దుబాసీని వాళ్లే పెడతారు.

భయపడాల్సినవీ ఉన్నాయి. అప్పీల్ వేసేది స్పాన్సర్, అంటే మా ఆయన. నిరూపించాల్సిన బరువు మొత్తం మా మీదే. వేరే కారణాలతో రిఫ్యూజ్ అయితే మానవతా దృష్టితో చూడమని అడగొచ్చు. పెళ్లినే నమ్మనప్పుడు దానికీ వీల్లేదు. ముందు భార్య అని తేలాలి. ఓడిపోతే, తర్వాత మళ్ళీ అప్లై చేసి అది కూడా పోతే, రెండో అప్పీల్‌లో ఇదే సంగతి మళ్ళీ తెరవరు, నిర్ణయాన్నే మార్చగల కొత్త ఆధారం ఉంటే తప్ప. అంటే ఒక్క బుల్లెట్.

“ఓడిపోతే?” అని తను అడిగాడు.

“అప్పుడు నువ్వొచ్చెయ్. కిరాయిలు పెరిగినయ్ గానీ, చూద్దాం” అన్నాను. చాలాసేపు నవ్వాడు. నవ్వాడనే అనుకుంటున్నాను, వీడియో ఆఫ్ చేసి ఉంది.

24వ రోజున అప్పీల్ నోటీస్ వేశాం. ఇలాంటి సందర్భంలో ఉన్నవాళ్లకు ఒక చిన్న మాట. అధికారి రాసుకున్న నోట్స్ 5 డాలర్లు కట్టి సమాచార చట్టం కింద తెప్పించుకోవచ్చు, భర్త కెనడాలో ఉంటే తనే అడగొచ్చు. కానీ వాళ్లకుండే గడువు కూడా 30 రోజులే. అది చూసి నిర్ణయిద్దాం అని కూర్చుంటే అప్పీల్ తేదీ దాటిపోతుంది. ముందు నోటీస్ వేసేయండి. మనసు మారితే తర్వాత వెనక్కి తీసుకోవచ్చు. నోటీస్ వేశాక ఫైల్ మొత్తం అవతలి వాళ్లే మనకు పంపాలి. మాకు వచ్చింది. నా ఇంటర్వ్యూ అంతా అక్షరాలా ఉంది. చదివితే, నిజం చెప్పనా, ఆ అధికారి స్థానంలో ఉంటే నేను కూడా అనుమానపడేదాన్ని.

ఇప్పుడు మా ఇంట్లో ఒక షేర్డ్ ఫోల్డర్ ఉంది. పూలు పండ్ల రోజు పిన్ని తీసిన మసక ఫోటోలు, లగ్న పత్రిక స్కాన్, 2024 దసరాకి తను వచ్చినప్పటి బోర్డింగ్ పాస్‌లు, రెండేళ్ల కాల్ హిస్టరీ. ఆషాఢం అంటే ఏంటో ఒక పేజీ నేనే రాశాను. లాయర్ దాన్ని మూడుసార్లు తిప్పి పంపాడు. చిలుకూరులో 11 ప్రదక్షిణలు ఎప్పుడో 2021లోనే చేశాను, 108 బాకీ ఇంకా మొదలే కాలేదు.

విచారణ తేదీ రాలేదు. అత్తమ్మ కూడా సాక్షి. నిన్న రాత్రి జహీరాబాద్ నుంచి ఫోన్ చేసింది. పూలు పండ్ల రోజు ఆమె ఏ చీర కట్టుకుందో వాళ్లు అడుగుతారా అని. అడిగినా అడుగుతారన్నాను. “అయితే నువ్వు ఆకుపచ్చదని చెప్పు, నేను కూడా గదే చెప్త” అంది.

ఫోటో తెరిచి చూశాను. చీర మెరూన్. మళ్ళీ ఫోన్ చేశాను. “అత్తమ్మా, గుర్తు లేకపోతే గుర్తు లేదని చెప్పండి చాలు” అన్నాను. “గట్ల చెప్తే నమ్ముతరా?” అంది.