ఇంగ్లిష్ వస్తేనే ఐదక్షరాల మాట దొరుకుతుందా?

ఐదక్షరాల ఇంగ్లిష్ మాట కావాలి, అందులో ఆర్, టి ఉండాలి, చివర ఇ రావాలి అనగానే ‘అదంతా ఇంగ్లిష్ మీడియం పిల్లల పని’ అని పక్కకు తప్పుకోవడం కుప్పం దగ్గరి గుడుపల్లె లాంటి ఊళ్లలోనే కాదు, పట్నాల్లోనూ ఉంది. ఇంగ్లిష్ ఎంత బాగా వస్తే మాట అంత త్వరగా తడుతుందన్న నమ్మకమే దీనికి మూలం. ఆ నమ్మకాన్ని న్యూజీలాండ్‌కు చెందిన నైజెల్ రిచర్డ్స్ రెండుసార్లు తలకిందులు చేశాడు. 2015లో ఫ్రెంచ్ స్క్రాబుల్ ప్రపంచ పోటీ, 2024లో స్పానిష్ పోటీ గెలిచాడు. ఆ రెండు భాషల్లో ఏదీ అతనికి మాట్లాడటం రాదు. అర్థాలతో పని పెట్టుకోకుండా అక్షరాల వరసలనే తలకెక్కించుకున్నాడు. అంత జ్ఞాపకశక్తి అందరికీ ఎక్కడిదంటారా? నిజమే, అది అతనికే చెల్లింది. అయినా భాష రావడం వేరు, ఆ భాషలో అక్షరాలు ఎలా జతకూడతాయో తెలియడం వేరు అన్న సంగతి మాత్రం అతని గెలుపుతో తేలిపోయింది. ఇలాంటి మాటల ఆటలకు కావలసింది రెండోది. మామూలుగా ఆడేవాళ్లకు దానికి నిఘంటువు బట్టీ పట్టనక్కర్లేదు, కాస్త గమనింపు చాలు.

లెక్క చూడండి. ఇరవై ఆరు అక్షరాలను ఐదు గళ్లలో ఇష్టమొచ్చినట్టు నింపితే 1,18,81,376 వరసలొస్తాయి. దాచిన ఐదక్షరాల మాటను ఊహించి పట్టుకోవాల్సిన, జోష్ వార్డిల్ 2021లో జనంలోకి వదిలిన వర్డిల్ ఆట మొదట్లో ఒప్పుకున్న మాటలు దాదాపు 13 వేలు. అంటే తొమ్మిది వందల వరసలకు ఒక్కటి కూడా మాట కాదు. చివరి గడిలో వి, జె దాదాపు కనిపించవు. అక్కడ హెచ్ వచ్చిందంటే దాని ముందు సి, ఎస్, టి లాంటివి ఉండే అవకాశమే ఎక్కువ. ఇలాంటివి పదో పదిహేనో పట్టుబడితే, తెలిసిన మాటను గుర్తుచేసుకోవడం కంటే కానివాటిని తోసిపుచ్చడమే ఎక్కువ పని చేస్తుంది.

మన పిల్లలు తడబడేది వేరే చోట. గుడుపల్లె తెలుగులో నాలుగక్షరాలు, ఇంగ్లిష్‌లో తొమ్మిది. తెలుగులో పలికినట్టే రాస్తాం గనక మాటను చెవితో వెతుకుతాం. ఇంగ్లిష్‌లో ‘ఫ’ ధ్వని ఒకచోట ఎఫ్, ఒకచోట పి-హెచ్, ఇంకోచోట జి-హెచ్. ఇది అలవాటు తేడాయే తప్ప తెలివి తక్కువ కావడం కాదు. ఆ మాటకొస్తే కుప్పం వైపు తమిళం చదవగలిగిన పిల్లలకు ఒకే అక్షరాన్ని ఒకచోట ‘క’గా, మరోచోట ‘గ’గా పలకడం కొత్తేమీ కాదు. స్పెల్లింగ్‌కూ ఒక లెక్క ఉంటుంది. నల్గొండ మూలాలున్న బృహత్ సోమ 2024లో గెలిచిన అమెరికా స్పెల్లింగ్ బీలో పోటీదారులు తమకిచ్చిన మాట ఏ భాష నుంచి వచ్చిందని నిర్వాహకులను అడగవచ్చు. గ్రీకు నుంచి వచ్చిందంటే ‘ఫ’కు పి-హెచ్ పెట్టాలని ఊహిస్తారు. కేవలం బట్టీయే అయితే ఆ ప్రశ్నతో పనేముంది?

బడిలో నేర్పిన కొన్ని సూత్రాలు కూడా ఇక్కడ అడ్డుపడతాయి. క్యూ తర్వాత యు వచ్చి తీరాలంటారు. పుంగనూరు, మదనపల్లె వీధుల్లో వినబడే బుర్ఖా, తలాఖ్, నిఖాబ్ మూడూ ఇంగ్లిష్ నిఘంటువులకెక్కిన ఐదక్షరాల మాటలే. మూడింటిలోనూ క్యూ ఉంది, దాని వెనక యు లేదు. ఐదు అచ్చుల్లో ఒకటైనా లేనిదే మాట కాదన్నదీ అంతే. రిథమ్‌లో ఆరక్షరాలున్నా ఆ ఐదింటిలో ఒక్కటీ లేదు, ఆ పని వై చేసిపెడుతుంది.

ఫోన్‌లో నొక్కితే జాబితా వచ్చేస్తుంది కదా, ఈ తంటా ఎందుకన్నది గట్టి ప్రశ్నే. ఆ యంత్రానికీ ఇంగ్లిష్ రాదన్నది మొదటి జవాబు. ఇచ్చిన అక్షరాలను అటూఇటూ మార్చి మాటలు వెతకాలంటే, ప్రతి మాట అక్షరాలనూ వరసక్రమంలో పేర్చి పెట్టుకుంటే చాలు. స్లేట్, స్టేల్, లీస్ట్, స్టీల్ – దొంగిలించడం అనే స్టీల్ – నాలుగూ ఎ, ఇ, ఎల్, ఎస్, టి అనే ఒకే వరసకు వస్తాయి గనక ఒక్కసారే దొరుకుతాయి. రెండోది, జాబితా చేతిలో ఉన్నా ఆట గెలిచినట్టు కాదు. వర్డిల్‌లో ఆరు ప్రయత్నాలు, ప్రతిసారీ ఏ అక్షరాలు కుదిరాయో ఆట చెబుతుంది. చివరి నాలుగు గళ్లలో ఐ, జి, హెచ్, టి కుదిరాయి, మూడు ప్రయత్నాలే మిగిలాయనుకుందాం. ఎయిట్, ఫైట్, లైట్, మైట్, నైట్, రైట్, సైట్, టైట్ అన్నీ సరిపోతాయి. నాలుగక్షరాలు తెలిశాక ఇక దగ్గరికొచ్చేశామనుకుని ఒక్కొక్కటే పెట్టుకుంటూ పోయేవాళ్లు ఓడేది ఇక్కడే. జవాబు కాదని తెలిసి తెలిసి ఫిల్మ్స్ అని పెట్టాలి. ఎఫ్, ఎల్, ఎమ్, ఎస్ నాలుగింటి సంగతీ ఒక్క దెబ్బకు తేలుతుంది. వాటిలో ఒకటి ఉంటే మాట దొరికినట్టే, లేకపోతే మిగిలేవి నాలుగే. హార్డ్ మోడ్‌లో మాత్రం ఈ ఎత్తు చెల్లదు, దొరికిన అక్షరాలను అక్కడ వాడి తీరాలి.