ఉక్కు శిరస్త్రాణముల నెఱుగు విధము

మా తాతగారు రెండవ ప్రపంచయుద్ధమున సైన్యమందు పనిచేసి, తిరిగి వచ్చునపుడు ఒక ఉక్కుటోపిని వెంట తెచ్చుకొనిరి. నా చిన్ననాట అది మా పెరటిలో కోళ్లకు నీళ్లు పోయు పాత్రగా నుండెను. పండ్రెండవ యేట నేనొకనాడు దానిని ఇటుకపొడితోను చింతపండుతోను తోమి, తళతళలాడునట్లు చేసి, మెప్పు నాశించి ఆయన ముందుంచితిని. ఆయన దానిని తిరగవేసి, లోపలివైపు చూచి, "నా నంబరేదిరా?" అని యడిగిరి. తెల్లరంగుతో వ్రాసియున్న ఆయన సిపాయి సంఖ్యయు, పేరులోని పొడి అక్షరములును నా తోముడులో పోయినవి. నాటినుండి ఇట్టి టోపీలు కనబడినచోటనెల్ల వానిని పరిశీలించుట నాకు వాడుకయైనది. అందు నేర్చినదానిలో కొంత విద్యార్థుల నిమిత్త మిచ్చట వ్రాయుచున్నాను.

1914వ సంవత్సరమున ఐరోపాయుద్ధ మారంభమైనపుడు ఆ గొప్ప సైన్యములలో నెవ్వరికిని ఉక్కుటోపి సామాన్యముగా లేకుండెను. బ్రిటిషు, ఫ్రెంచి సిపాయిలు గుడ్డటోపీలతోను, జర్మనులు కొన గల తోలుటోపీలతోను కందకములలో నిలిచిరి. ఫిరంగిగుండ్లు పైన పగిలి, తునుకలు తలలపై బడి పెక్కుమంది చనిపోవుచుండిరి. తుపాకిగుండును సూటిగా నాపుటకు గాక, ఈ తునుకలను తప్పించుటకే ఉక్కుటోపి పుట్టినదని మొదట గ్రహింపవలయును.

1915లో ఫ్రెంచి సైన్యాధికారి ఆడ్రియాన్ పేరిట వెలసిన టోపి వచ్చెను. ఇది పెక్కు భాగములను కూర్చి చేసినది. నడినెత్తిన ముందునుండి వెనుకకు కోడిజుట్టువంటి రేకు కట్టుండును. నుదుటనుండు బిళ్లపై మండుచున్న గుండున్నచో పదాతిదళము, జంట ఫిరంగులున్నచో ఫిరంగిదళము. ఇటలీ, బెల్జియము దేశములును ఈ యాకారమునే వాడినవి. బిళ్లను మార్చుట సులభము గనుక బిళ్లనొక్కదానినే నమ్మరాదు.

బ్రిటిషు టోపి కథ మఱింత రుచికరము. జాన్ బ్రోడీ యనునతడు 1915లో దీనికి పేటెంటు పొందెను. ఒక్క రేకును యంత్రమున నొత్తి, వెడల్పైన అంచు గల పళ్లెమును బోర్లించినట్లు చేసిరి. మొదటి కొద్ది టోపీలు మెత్తని యుక్కువి. తరువాత రాబర్ట్ హాడ్‌ఫీల్డ్ కనిపెట్టిన మాంగనీసు ఉక్కును వాడిరి. ఈ యుక్కునకు అయస్కాంత మంటదు! మా తరగతిలో పిల్లలు దీనిని నమ్మక, తమ అయస్కాంతములు చెడిపోయినవని తలంచిరి. మొదట అంచు కత్తిరించినట్లే యుండెను. 1916లో దానిపై మెత్తని యుక్కుపట్టీని మడిచి బిగించిరి. కావున నట్టి టోపిలో గిన్నెకు అంటని అయస్కాంతము అంచునకు మాత్ర మంటును. ఇప్పటి నకళ్లు సాధారణముగా మామూలు రేకుతో చేసినవి. అయస్కాంతము గిన్నెకే తగులుకొనును.

అమెరికనులు 1917లో యుద్ధమున దిగి ఈ యాకారమునే గైకొనిరి. గడ్డపుపట్టీని పట్టు కొంకులను చూడుడు: బ్రిటిషువారు చీలుమేకులతోను, అమెరికనులు గట్టి రివెట్లతోను బిగించిరి. 1938లో బ్రిటిషువారి రెండవ నమూనా వచ్చెను. దాని గడ్డపుపట్టీ తోలుది గాక సాగెడి నేతపట్టీ. అంచు క్రింద తయారుచేసిన వారి అక్షరములు, సంవత్సరము ఒత్తియుండును. అయితే పాత యుద్ధపు గిన్నెలకే క్రొత్త లోపలి అమరికను బిగించి మరల నిచ్చిన టోపీలును గలవు. లోపలిదానిని మాత్రము చూచి తేదీ చెప్పువాడు ఇచ్చట పొరబడును.

జర్మను టోపి చెవులను, మెడను కప్పును. దీనిని ఫ్రీడ్రిష్ ష్వెర్డ్ రూపొందింపగా, 1916లో వెర్డన్ యుద్ధమున విరివిగా వాడిరి. ఇరుప్రక్కల కొమ్ములవలె నున్నవి గాలికొఱకును, నుదుటిపై దట్టమైన కవచమును తగిలించుటకును ఏర్పడినవి. 1935 నమూనా చిన్నది. గాలిరంధ్రమునకు వేఱుగా పూసయుండును. 1940లో ఆ రంధ్రమును గిన్నెలోనే ఒత్తిరి. 1942లో అంచును లోనికి చుట్టుట మాని, వెలుపలికి విడిచిరి. లోపల ప్రక్కన కర్మాగారపు అక్షరములు, పరిమాణపు సంఖ్య యుండును: ఈ.టీ. 64 అన్నచో థాలె పట్టణపు కర్మాగారము, 64వ పరిమాణము.

మోసము లెక్కువగా జరుగునది ఈ టోపీలయందే. ప్రక్కనంటించు చిహ్నచిత్రములను బట్టి వెల పెక్కురెట్లు పెరుగును. కావున ఖాళీ టోపికి క్రొత్తచిత్రము నంటించి, రాచి, పాతదిగా చూపుదురు. తుప్పుపట్టిన గుంటలపైన గూడ చిత్రము చెదరక నిలిచినచో, తుప్పు ముందు, చిత్రము తరువాత వచ్చినవన్నమాట. జర్మను భూసైన్యము మూడువన్నెల దేశచిత్రమును 1940లోనే మాన్పించెను. మఱి 1942 నమూనా సైనికుని టోపిపై అది యున్నచో అమ్మువాని నేమని యడుగవలెనో మీకే తెలియును. అతడు చెప్పు వీరగాథలకు కాగితపు ఆధారము లేనిచో, వానికై ఒక్క రూపాయియు ఎక్కువ నీయనక్కరలేదు.

1941లో అమెరికనులు క్రొత్త నమూనాను స్వీకరించిరి. దాని అంచుపట్టీ అతుకు మొదట నుదుటివైపునను, 1944 చివరనుండి వెనుకవైపునను ఉండును. పట్టీకొంకులు మొదట కదలనివి. క్రిందపడినపుడు విరుగుచుండుటచే 1943లో కదలునట్లు చేసిరి.

తల్లిదండ్రుల కొక హెచ్చరిక. పాత బ్రిటిషు టోపీల లోపలి అమరికయందు ఆస్‌బెస్టాస్ ఉండవచ్చును. 2014లో బ్రిటను అధికారులు, పాఠశాలలలో పిల్లలకు వీనిని పెట్టనీయవద్దని తెలిపిరి. పిల్లలు వీనిని తలపై పెట్టుకొనరాదు, లోపలి గుడ్డను దులుపరాదు. పెద్దవారు వెలుపలి ధూళిని తడిగుడ్డతో మెల్లగ తీసి, పొడిచోట నుంచిన చాలును. ఇసుకకాగితము, నిమ్మపండు, క్రొత్తరంగు దగ్గరకు రానీయకుడు. ఎవరివద్ద, ఎప్పుడు దొరకినదో ఒక కాగితమున వ్రాసి వేఱుగా దాచుడు.

తాతగారి టోపి నేడు మా తరగతి అలమారులో నున్నది. అంచు క్రింద ఒత్తిన 1942 అను సంఖ్య నా చింతపండునకు లొంగక మిగిలినది. ఆయన సిపాయి సంఖ్యను మా యింట నెవ్వరును వేఱుగా వ్రాసి పెట్టలేదు. ఈ పత్రికను చదువు పెద్దల యిండ్లలో నిట్టి టోపి యేదైన నున్నచో, దానిని కడుగకముందు ఒక్కసారి నాకు చూపింపగోరుచున్నాను.