అల్యూమినియం పడవలకూ క్షయం ముప్పు: నివారణ, మరమ్మతు ఎలా?

కేరళలోని కొచ్చిలో 2023 ఏప్రిల్‌లో ప్రారంభమైన వాటర్ మెట్రో విద్యుత్ పడవల అడుగుభాగం అల్యూమినియంతో నిర్మితమైనది. తీర గస్తీకి ఉపయోగించే వేగవంతమైన పడవల్లోనూ ఈ లోహం వాడుకలో ఉంది. ఉక్కు బరువులో ఇది దాదాపు మూడో వంతే కావడం ప్రధాన కారణం. అయితే అల్యూమినియానికి తుప్పు పట్టదన్న నమ్మకం పూర్తిగా నిజం కాదు. ఇనుములా ఎర్రబారకపోయినా, తెల్లని పొడి రాలుతూ, సూదిమొనంత గుంటలతో మొదలై, చివరకు అడుగు రేకుకు చిల్లు పడవచ్చు. ప్రయాణికులను మోసే పడవలో ఇది ప్రాణాలతో ముడిపడిన విషయం.

రక్షణ పొర ఎక్కడ విఫలమవుతుంది?

గాలి తగిలిన వెంటనే అల్యూమినియంపై కొన్ని నానోమీటర్ల మందం గల ఆక్సైడ్ పొర ఏర్పడుతుంది. గీత పడినా ఆక్సిజన్ అందితే ఆ పొర మళ్లీ కట్టుకుంటుంది. ఉప్పునీటిలోని క్లోరైడ్ ఈ కవచాన్ని అక్కడక్కడా ఛేదిస్తుంది. తడిసిన చెక్క, తివాచీ, బురద కింద గాలి ఆడని చోట అది తిరిగి ఏర్పడలేదు. అందువల్లనే పడవ నిర్మాణంలో సుమారు 4.5 శాతం మెగ్నీషియం కలిసిన 5083 వంటి మిశ్రమలోహాలను ఎంచుకుంటారు. ఇవి సముద్రజలాన్ని మెరుగ్గా తట్టుకుంటాయి.

రెండో ప్రమాదం ఇతర లోహాలతో సంపర్కం. రాగి, ఇత్తడి, స్టెయిన్‌లెస్ స్టీలు అల్యూమినియాన్ని తాకుతున్నచోట ఉప్పునీరు చేరితే, ఆ జంట చిన్న బ్యాటరీలా పనిచేస్తుంది. అందులో కరిగిపోయేది అల్యూమినియమే. పడవ అడుగున పడిపోయిన రాగి తీగ ముక్క సైతం గుంటకు కారణం కాగలదు.

నివారణ

ప్రయాణం ముగిశాక మంచినీటితో కడగడం, అడుగున నిలిచిన నీటిని తోడివేయడం మొదటి జాగ్రత్త. స్టీలు బోల్టులకు, రేకుకు మధ్య ప్లాస్టిక్ లేదా రబ్బరు వాషర్లు ఉండాలి. నాచు పట్టకుండా వేసే రంగులో రాగి ఉండరాదు. నీటిలో మునిగే భాగానికి ‘బలి లోహం’ దిమ్మలు అమర్చితే, పడవకు బదులు అవే కరుగుతాయి. సముద్రంలో జింకు లేదా అల్యూమినియం దిమ్మలు, మంచినీటిలో మెగ్నీషియం దిమ్మలు అనుకూలం. వాటిపై రంగు పూయరాదు. సగం అరిగేసరికి మార్చాలి.

మరమ్మతు

తెల్లని పొడిని స్టెయిన్‌లెస్ స్టీలు బ్రష్‌తోనే తొలగించాలి. మామూలు ఇనుప బ్రష్ వాడితే దాని రేణువులు లోహంలో దిగబడి కొత్త క్షయానికి బీజం వేస్తాయి. శుభ్రపరచి ఆరబెట్టిన ఉపరితలంపై ఆలస్యం చేయకుండా, అల్యూమినియానికి తగిన ఎపాక్సీ ప్రైమర్ పూయాలి. లోతులేని గుంటలను ఎపాక్సీ పూరకంతో నింపవచ్చు. లోతైనవైతే ముందుగా అల్ట్రాసోనిక్ పరికరంతో రేకు మందం కొలవాలి. పలుచబడిన భాగాన్ని కోసివేసి, అదే మిశ్రమలోహపు రేకును ఆర్గాన్ వాయు రక్షణలో వెల్డింగ్ చేయించాలి. ఇది నిపుణుల పని.

గుంటను పూడ్చినా దానికి కారణమైన తడి, ఉప్పు, పరాయి లోహం అక్కడే ఉంటే క్షయం తిరిగి వస్తుంది. కాబట్టి కారణాన్ని తొలగించిన తరువాతే మరమ్మతు చేపట్టాలి.