అబ్బాజాన్ అంబాసిడర్

అబ్బాజాన్ ఇహలోకం వీడి తొమ్మిదేళ్లయింది. ఆయన నడిపిన 1972 నాటి అంబాసిడర్ కారు మాత్రం మా పెరటి రేకుల కింద అలాగే ఉండిపోయింది. దానిని బాగుచేయించాలని తమ్ముడు, విడదీసి అమ్మాలని భాయీజాన్ పట్టుబట్టారు.

మేము మెకానిక్‌ను పిలిపించాము. ఇంజనును విప్పి బాగుచేయవచ్చునన్నాడు. అయితే ఈ కారుకు విడిగా చట్రం ఉండదు. అడుగు రేకు తుప్పు తింటే బండి బలమే పోయినట్లు. మా కారుకు జరిగినది అదే. యాభై ఏళ్లు దాటిన బండిని 2021 నిబంధనల ప్రకారం వింటేజ్ వాహనంగా నమోదు చేయించవచ్చు. కానీ అది తొలి రూపంలోనే ఉండాలి, నిత్యం రోడ్డుపై నడపరాదు.

ఇంత విచారించిన మేము ఆపాను మాత్రం అడుగలేదు! అప్పులు, వసీయతు తీరిన పిదప తండ్రి వదలిన ప్రతి వస్తువులోనూ కుమార్తెకు హక్కున్నది. తుప్పుపట్టిన కారూ అందులోనిదే. అమ్మీజాన్ కూడా లేరు గనుక మొత్తం ఏడు భాగాలు: అన్నదమ్ములం ముగ్గురికి రెండేసి, ఆపాకు ఒకటి. మదరసాలో ఫరాయిజ్ బోధించే మేమే దీనిని మరచాము.

“వాటా మాట తరువాత. తొమ్మిదేళ్లలో ఒక్కసారైనా నన్ను అడిగారా?” అన్నది ఆపా. మా వద్ద జవాబు లేదు.

నలుగురమూ కూర్చుని విడదీయుటకే నిశ్చయించాము. 2014లో ఈ కార్ల తయారీ నిలిచిపోయింది గనుక ఇంజను, తలుపులు మరో అంబాసిడర్ యజమానికి అక్కరకు వచ్చాయి. మిగిలినది తుక్కుకిచ్చి రిజిస్ట్రేషన్ రద్దు చేయించాము. వచ్చిన సొమ్ములో మొదటి వాటా ఆపా చేతిలో పెట్టాము.

మీ పెరట్లోనూ ఇటువంటి బండి ఉన్నదా? పానా పట్టేముందు ఇంటి ఆడబిడ్డను అడగండి.