పాత కారుకు పొల్యూషన్ టెస్ట్ పాస్ కాలేదా? పారేయడానికి ముందు ఇది వినండి

ఈ ఎపిసోడ్ మన ఎర్రగుంట్ల నుంచే, మా ఇంటి ముందర నిలబెట్టిన కారు దగ్గర నుంచే చెప్తున్నా. ఇది మా నాయన కారు. 2009 మోడల్, పెట్రోల్, ఏపీ 04 నంబర్. మా నాయనకు వారానికి మూడుసార్లు కడపలో డయాలసిస్. పోయేదానికి దగ్గర దగ్గర నలభై కిలోమీటర్లు, వచ్చేదానికి అంతే. డయాలసిస్ అయినాక బస్సులో నిలబడి వచ్చే ఓపిక ఆయనకు ఉండదు. అంటే ఈ కారు మాకు షోకు కాదు, అవసరం.

పోయిన నెల పొల్యూషన్ చెక్ చేయించినాం. ఫెయిల్! మెకానిక్ అన్న చూసి, "పాత బండి గదప్పా, తుక్కుకు ఇచ్చేయ్" అన్నాడు. నాయన ఏం మాట్లాడలేదు. ఆ పొద్దు రాత్రి ఆయన చేతిలో ఆ స్లిప్ పట్టుకుని కూర్చోవడం చూసి, అసలు ఇందులో ఏం రాసినారో తెలుసుకుందామని నేను కూర్చున్నా. మీ ఇంట్లో కూడా ఇట్లాంటి బండి ఉంటే చివరిదాకా వినండి.

ముందు రూల్ ఏంటి?

కొత్త బండికి మొదటి ఏడాది పొల్యూషన్ సర్టిఫికెట్ అవసరం లేదు. ఆ తర్వాత బీఎస్-4, బీఎస్-6 బండ్లకు ఒకసారి తీసుకుంటే ఏడాది చెల్లుతుంది. అంతకంటే పాత బండ్లకు ఆరు నెలలే. దేశమంతా బీఎస్-4 వచ్చింది 2017 ఏప్రిల్‌లో, బీఎస్-6 వచ్చింది 2020 ఏప్రిల్‌లో. మా కారు 2009ది కాబట్టి ఆరు నెలలకోసారి పోవాల్సిందే.

సర్టిఫికెట్ లేకుండా దొరికితే? 2019లో మార్చిన మోటారు వాహనాల చట్టం ప్రకారం మొదటిసారికి పదివేల దాకా జరిమానా, మూడు నెలల దాకా జైలు, లేదా రెండూ పడొచ్చు. పదిహేనేళ్లు దాటిన సొంత కారుకు మళ్లీ రిజిస్ట్రేషన్ చేయించేటప్పుడూ ఈ కాగితం కావాలి.

స్లిప్‌లో ఉండే రెండు నంబర్లు

పెట్రోల్ కారుకు చూసేది ముఖ్యంగా రెండు. ఒకటి సీఓ, అంటే కార్బన్ మోనాక్సైడ్. ఇది శాతంలో ఉంటుంది. రెండోది హెచ్‌సీ, అంటే కాలకుండా బయటికి వచ్చేసిన పెట్రోల్. ఇది పీపీఎంలో ఉంటుంది. మా కారు కాలం బండ్లకు సీఓ 0.5 శాతం, హెచ్‌సీ 750 దాటకూడదు. బీఎస్-4 కార్లకు ఇంకా గట్టి లెక్క: సీఓ 0.3, హెచ్‌సీ 200.

మా స్లిప్‌లో సీఓ 1.8, హెచ్‌సీ 900. రెండూ ఫెయిలే. కానీ ఈ రెండు నంబర్లూ రెండు వేరే రోగాలు చెప్తాయి.

సీఓ ఎక్కువైతే పెట్రోల్ ఎక్కువ, గాలి తక్కువ అని అర్థం. పొయ్యిలో కట్టెలు కుక్కి గాలి ఆడకుండా చేస్తే ఎట్లుంటుందో అట్లే. హెచ్‌సీ ఎక్కువైతే పెట్రోల్ అసలు అంటుకోకుండానే బయటికి పోతోందని. ఇంజన్ మిస్ కొడుతోందేమో చూడాలి.

మన ఊరి రోగం: ఎయిర్ ఫిల్టర్

మొదట ఎయిర్ ఫిల్టర్ పెట్టె తెరిచినా. అబ్బో! లోపల బూడిద రంగు పొడి పొరలు పొరలుగా ఉంది. మనకు ఒక పక్క సిమెంటు ఫ్యాక్టరీలు, ఒక పక్క నాపరాయి గనులు, రోడ్డు మీద లారీలు. ఇంత దుమ్ములో తిరిగే బండికి, మాన్యువల్‌లో రాసిన కిలోమీటర్ల దాకా ఆగితే ఫిల్టర్ మూసుకుపోతుంది. ఇక్కడ ఆ లెక్కలో సగానికే ఒకసారి తెరిచి చూడండి. వెలుతురుకు పట్టుకుంటే అవతల కనపడకపోతే మార్చేయండి. చౌకగా అయిపోయే పని ఇదే, అందుకే ఇదే ముందు చేయాలి.

ఫిల్టర్ మార్చినాక సీఓ 1.8 నుంచి 1.1కి దిగింది. ఇంకా చాల్లేదు.

తర్వాత ప్లగ్గులు, ఆ తర్వాత సెన్సార్

స్పార్క్ ప్లగ్గులు విప్పితే ఒకటి నల్లగా మసిపట్టి ఉంది. నాలుగూ మార్పించినా. హెచ్‌సీ 310కి వచ్చేసింది. అంటే ఆ ఒక్క సిలిండర్ సరిగ్గా కాల్చకపోవడమే గోల.

మిగిలింది సీఓ. సైలెన్సర్ పైపులో ఆక్సిజన్ సెన్సార్ అని ఒకటి ఉంటుంది. పొగలో ఆక్సిజన్ ఎంత మిగిలిందో చూసి, పెట్రోల్ తగ్గించాలా పెంచాలా అని ఇంజన్ కంప్యూటర్‌కు చెప్పేది అదే. అది ముసలిదైతే తప్పు చెప్తుంది, కంప్యూటర్ పెట్రోల్ పోసేస్తూ ఉంటుంది. మైలేజీ కూడా పడిపోతుంది. మాది అదే కథ. ప్రొద్దుటూరులో దొరికింది, వేయించినాం.

చల్లటి ఇంజన్‌తో పోవద్దు

ఇది చాలామందికి తెలియదు. సైలెన్సర్ లైన్‌లో క్యాటలిటిక్ కన్వర్టర్ ఉంటుంది. సీఓను, హెచ్‌సీని కాల్చి శుభ్రం చేసే పెట్టె అది. కానీ బాగా వేడెక్కితేనే పనిచేస్తుంది. మొదటిసారి మేము ఇంటి నుంచి రెండు వీధులు దాటి నేరుగా టెస్ట్‌కు పోయినాం. ఇంజన్ ఇంకా చల్లగానే ఉంది. ఈసారి ఇరవై నిమిషాలు రోడ్డు మీద తిప్పి, ఆఫ్ చేయకుండా లైన్‌లో నిలబెట్టినాం. సీఓ 0.38. పాస్!

కొంతమంది మెకానిక్‌లు "కన్వర్టర్ తీసేస్తే పికప్ బాగుంటుంది" అంటారు. వినొద్దు. అది తీసేస్తే టెస్ట్ పాస్ కావడం చాలా కష్టం.

డీజిల్ బండి అయితే?

డీజిల్‌కు గ్యాస్ కాదు, పొగ ఎంత నల్లగా ఉందో కొలుస్తారు. బండి న్యూట్రల్‌లో పెట్టి యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కుతారు, కొన్నిసార్లు. బీఎస్-4కు ముందు బండ్లకు పరిమితి 2.45, బీఎస్-4కు 1.62. నల్లపొగ వస్తుంటే ఎయిర్ ఫిల్టర్, నాజిళ్లు చూపించండి. నీలం పొగ అంటే ఇంజన్ ఆయిల్ కాలుతోంది, అది పెద్ద పని. ఇంకో మాట: అంత గట్టిగా రేజ్ చేస్తారు కాబట్టి, పోయే ముందు ఆయిల్ లెవెల్, టైమింగ్ బెల్ట్ చూసుకోండి. లేకపోతే టెస్ట్‌లోనే ఇంజన్ పోవచ్చు.

"ఇన్ని ఫ్యాక్టరీల ముందు మన కారెంత?"

మా ఫ్రెండ్ అడిగిన ప్రశ్న ఇది. నిజమే, సిమెంటు దుమ్ము కంటికి కనిపిస్తుంది. కార్బన్ మోనాక్సైడ్ కనపడదు, వాసన కూడా రాదు. అది రక్తంలో ఆక్సిజన్ చోటు ఆక్రమిస్తుంది. పొద్దున్నే గేటు లోపల కారు స్టార్ట్ చేసి పెట్టినప్పుడు దాని వెనక నిలబడేది మన ఇంట్లో వాళ్లే. మా ఇంట్లో అయితే, ముందే ఒంట్లో బాగాలేని మా నాయన.

టెస్ట్ చేయకుండానే డబ్బులు తీసుకుని సర్టిఫికెట్ ఇప్పిస్తామనే వాళ్లు ఎక్కడైనా ఉంటారు. కాగితం వస్తుంది, రోగం బండిలోనే ఉంటుంది, పెట్రోల్ కూడా తాగుతూనే ఉంటుంది.

ఫెయిలైతే రిజెక్షన్ స్లిప్ అడిగి తీసుకోండి. 2021 నుంచి అది ఇవ్వాలని రూల్ ఉంది, ఏ నంబర్ దాటిందో అందులో ఉంటుంది. ఆ స్లిప్ మెకానిక్ చేతిలో పెట్టండి. "పాత బండి" అనే మాట కంటే ఆ నంబర్‌కే విలువ ఎక్కువ.

మొన్న మంగళవారం నాయనే డ్రైవర్ పక్క సీట్లో కూర్చుని, "మైలేజీ కూడా పెరిగినట్టుంది రా" అన్నాడు. నాకది చాలు. మీ బండి స్లిప్‌లో ఏ నంబర్ వచ్చిందో కింద రాయండి, తర్వాతి ఎపిసోడ్‌లో మాట్లాడుకుందాం. ఉంటా మరి!